దుప్పి నెత్తిన మోదుగ కొమ్మ

మా నాటక సంఘం ఈ ఏడాది, అనగా 1986లో, అచ్చువేసిన ప్రత్యేక సంచికలో, అడవి బొమ్మ ఉన్న నాటకపు తెర ఫొటో కింద "చిత్రకారుడు తెలియదు" అని ఉన్నది. తెలియదట! ఖిలా వరంగల్ మొండయ్య ఎవరికి తెలియదు? లారీల వెనుక నెమళ్లు, సోడా బండ్ల మీద సింహాలు, సగం బజారు బోర్డులు ఆయన చేతివే.

పేరు విషయంలో ఆయనకు మొదటినుంచీ అన్యాయమే. పాత నాటకాల కరపత్రాలన్నీ నా వద్ద భద్రంగా ఉన్నవి. తలపాగాలు చుట్టినవారి పేర్లూ, పెట్రోమాక్సు దీపం ఇచ్చినవారి పేర్లూ అచ్చయినవి. తెర మీద బొమ్మలు రాసినవాని పేరు లేదు. 1979లో ఆయన ఉండబట్టలేక అడిగాడు.

"సారూ, ఈసారి తెర మీద నా పేరు రాస్కుంట."

"ముందుగాల జనం మెచ్చనియ్. అప్పుడు రాస్కో" అన్నారు కార్యదర్శి రాజేశ్వర్ రావు గారు.

ఆ ఏటి నాటకం ఉత్తరాన ఉన్న ధవళదేశంలో నడుస్తుంది. ఆ దేశం ఏ పటంలోనూ లేదు. కార్యదర్శి గారి కల్పన. అక్కడి మంచును ఆయనా చూడలేదు, మొండయ్యా చూడలేదు. మొండయ్య కేసముద్రం మార్కెట్టుకు పోయి పత్తి కుప్పలు చూసివచ్చి, తెరంతా మంచు పరిచాడు. ఎలుగుబంటికి తెల్లరంగు పూశాడు. ఇక దుప్పి మిగిలింది.

"ఆ దేశం దుప్పికి ఉత్త కొమ్ములు గాదు మొండయ్యా, కొమ్మలు కొమ్మలుగ ఉండాలె" అని చెప్పి కార్యదర్శి గారు వెళ్లిపోయారు.

ప్రదర్శన సాయంత్రం తెర విప్పితే, దుప్పి నెత్తిన ఎర్రగా పూసిన మోదుగ కొమ్మలు! ఒక కొమ్మ మీద రామచిలుక!

"గిదేందయ్యా! నెత్తి మీద చెట్టు మొలిసింది!"

"మీరే అంటిరి గద సారూ, కొమ్ములు గాదు కొమ్మలని."

"కొమ్మల లెక్క చీలిన కొమ్ములయ్యా!"

"గా ముచ్చట జర ముందుగాల జెప్పొద్దా?"

మార్చే వ్యవధి లేదు. రాజు వేషంలో ఉన్న బట్టల దుకాణం లక్ష్మీనారాయణ విల్లు ఎక్కుపెట్టి, "ఈ మృగమును కూల్చెదను!" అన్నాడో లేదో, ముందు వరుసలోంచి మొండయ్య భార్య యాకమ్మ లేచింది.

"ఓ సేటూ! పూసిన చెట్టును కొడ్తవా? చేతులెట్లొస్తానయ్ నీకు?"

జనం ఘొల్లుమన్నారు. "కొట్టకు సేటూ!" అని నలువైపులా కేకలు. తెల్లవారితే వాళ్లే సేటు దుకాణానికి గిరాకీలు. లక్ష్మీనారాయణ విల్లు దించి, "మా దేశమున దుప్పియే అడవి! దీనిని తాకినవానికి దేశబహిష్కారము!" అని నాటకంలో లేని మాట గర్జించాడు. చప్పట్లు ఆగలేదు.

"కొమ్మలు పెట్టుమన్నది నేనే" అని కార్యదర్శి గారు అందరికీ చెప్పుకున్నారు.

"అయితే పేరు రాస్కుంట సారూ?"

"జాగేది? అంత పత్తే నింపితివి!"

"కొమ్మల మీద మస్తు జాగున్నది."

ఈ సంచిక చూపిస్తే మొండయ్య మొన్న నవ్వాడు. "పోనియ్ సారూ, నా పేరు చిలుకకెరుకే గద."

నేను మాత్రం పోనివ్వను. దుప్పికి చెట్టేమిటని సిగ్గుపడి కాబోలు, ఫొటోను దుప్పి చెవుల వద్ద కత్తిరించి అచ్చువేశారు. అసలు ఫొటో నా వద్ద ఉన్నది. చిలుక కాళ్ల కింద, కొమ్మ వెంట, మోదుగ పూల నడుమ స్పష్టంగా చదవవచ్చును: మొండయ్య.