బాబులొస్తున్నారని కుంట ఊడ్చాను

రిటైరైన మనిషికి ఉన్నట్టుండి ప్రకృతి మీద పుట్టుకొచ్చే ప్రేమంత దొంగప్రేమ లోకంలో ఇంకొకటి లేదు. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చెట్టు కనబడితే దాని కింద స్కూటర్ పెట్టుకోవడమే తప్ప తలెత్తి చూడని వాళ్ళు, పెన్షన్ మొదలవగానే పువ్వు ముందు మోకాళ్ళ మీద కూలబడి ఫొటోలు తీస్తారు. తీశాక లేవడానికి ఇంకొకడు చెయ్యివ్వాలి.

నేను కలకత్తా వీధులు ఊడ్చిన మనిషిని. ముప్పై నాలుగేళ్ళు పారిశుధ్యం పని. చీపురు పట్టి చేరాను, సూపర్‌వైజరుగా దిగాను. మా నాన్నదీ అదే పని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ క్వార్టర్సులో కాపురం పెట్టాడు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి కదా, అక్కణ్ణుంచి బస్సులో గంటన్నర, ఆపైన ఆటోలో పావుగంట దూరంలో, రెండు గదులూ వెనక చిన్న కుంటా ఉన్న ఇల్లు చూసుకుని నేనూ మా ఆవిడా వెళ్ళిపోయాం.

మా ఆవిడ పెరడు నిండా గోంగూర, బచ్చలి, బీరపాదులు పెట్టింది. దాన్ని తోటపని అని ఎవరూ అనరు. తోటపని అంటే ఏమిటో తెలియాలంటే మా చుట్టుపక్కల ఉన్న తోట ఇళ్ళు చూడాలి. కలకత్తాలోని భవానీపూర్ నుంచి డబ్బున్న బాబులు ఆదివారాలు వచ్చి పోయే ఇళ్ళు అవి. సిమెంటు జింక, సిమెంటు కొంగ, సిమెంటు పుట్టగొడుగు. నిజం కొంగ వచ్చి సిమెంటు కొంగ పక్కన వాలితే, రెట్ట వేస్తుందని మాలీ దాన్ని తరిమేస్తాడు. ఏడ్చినట్టే ఉంది తోట.

ఆ బాబుల్లో ఒకాయన బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగాడు. కెమెరాకి మోచెయ్యంత లెన్సు. నేను మనసులో ఆయనకి లెన్సు బాబు అని పేరు పెట్టుకున్నాను. ఎండ నడినెత్తికొచ్చాక మందారం మీద సీసాతో నీళ్ళు చిమ్మి, ‘తెల్లవారుజాము మంచు’ అని ఫొటో తీసేవాడు. ఫోనులో పిట్టల కూతలు పెట్టుకుని తిరిగేవాడు. ఆ కూత విని, తన చోటులోకి ఇంకో పిట్ట చొరబడిందని నిజం పిట్ట హడలిపోయి బయటికి వస్తే టకటకా నొక్కేవాడు. ఫొటోగ్రఫీకి సహనం కావాలి అని అందరికీ చెప్పేవాడు. సహనమట, నా బొంద!

ఇన్ని తిట్టుకున్న పెద్దమనిషిని నేనేం చేశాను? ఓ పాత కెమెరా కొనుక్కున్నాను. లెన్సు బాబు నడిపే వాట్సాప్ గ్రూపులో నన్ను కూడా చేర్చమని అడిగి మరీ చేరాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ బాబులు ఒక్కసారి నన్ను తమలో ఒకణ్ణిగా ‘దాదా’ అని, అంటే అన్నా అని, పిలవాలని నా ఆశ. వాళ్ళు నన్ను పిలిచేది ‘సూపర్‌వైజర్’ అని. నేను పెట్టిన సీతాకోకచిలుకలకీ తూనీగలకీ ఎవరూ ఒక్క మాట జవాబిచ్చేవారు కాదు. అదే లెన్సు బాబు మంచు పెడితే మాత్రం చప్పట్లే చప్పట్లు.

ఆ వానాకాలం మా కుంటలో నీటికోడి గూడు పెట్టింది. ముందు చూసింది మా ఆవిడే. కుంటంతా గుర్రపుడెక్క, ఒడ్డంతా తుంగ, ఓ మూల నీళ్ళలోకి వంగిన చేమదుబ్బు. ఆ దుబ్బులో గూడు, గూట్లో అయిదు గుడ్లు. మూతీ రొమ్మూ తెల్లగా, వీపు నల్లగా ఉండే ఆ పక్షి గుడ్ల మీద కూర్చుని మమ్మల్ని మిడిగుడ్లేసుకుని చూసేది.

ఆ రోజు నుంచి మా ఆవిడ ఆ వైపు మెట్ల మీద గిన్నెలు తోమడం మానేసింది. బోరింగు దగ్గరికి మోసుకెళ్ళి తోమేది. వంటింటి గోడ మీద పొద్దుకొక బొగ్గు గీత గీసేది. ఇరవై గీతలయ్యేసరికి పిల్లలు బయటికొస్తాయని దాని లెక్క. నల్లటి పిల్లలట, పుట్టిన రోజే తల్లి వెనక పరిగెడతాయట. నేను దూరం నుంచి ఒకే ఒక ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. పెట్టిన పది నిమిషాలకి లెన్సు బాబు జవాబు: “అద్భుతం దాదా! ఈ ఆదివారం అందరం వస్తున్నాం.”

దాదా! ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. వెళ్ళి మా ఆవిడకి చూపించాను.

“రానీకు మావా,” అంది. “దానికి అసలే బెదురు. పిల్లలు పుట్టినదాకా ఎవుల్నీ తేకు.”

“దూరంగానే నిలబడతార్లేవే. పెద్దవాళ్ళు, అడిగారు. వద్దంటే ఏం బాగుంటుంది?”

“పెద్దోల్లయితే ఏటి? దాని గుడ్లకన్నా పెద్దోల్లా?”

శనివారం పొద్దున్నే మా ఆవిడ ఖిదిర్‌పూర్‌లో చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళింది, రాత్రికి అక్కడే ఉండి వస్తానని. గుమ్మం దాటుతూ, “కుంట కాడికెల్లకు” అని మళ్ళీ చెప్పింది. నేను వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ రేపు బాబులొస్తున్నారు. ముప్పై నాలుగేళ్ళు, ఎవరో పెద్ద సాహెబు వార్డు చూడ్డానికి వస్తున్నాడంటే ముందు రోజు మేం చేసే పని ఒక్కటే: గడ్డి కోసెయ్యాలి, మురుగు లాగెయ్యాలి, అంచు పొడుగునా బ్లీచింగూ సున్నమూ కలిపి తెల్లటి గీత గియ్యాలి. గీత ఎంత తిన్నగా ఉంటే సూపర్‌వైజరుకి అంత పేరు. ఎవరూ నన్ను చెయ్యమనలేదు. కాఫీ తాగి చూసుకునేసరికి చేతిలో కొడవలి ఉంది.

మధ్యాహ్నానికి గుర్రపుడెక్క అంతా ఒడ్డున పడింది. తుంగ కోసేశాను. కుంట చుట్టూ తెల్లగా గీత గీశాను, తాడు పట్టి మరీ. చేమదుబ్బు మాత్రం ముట్టుకోలేదు. గూడు దగ్గర చెయ్యి పెట్టనంత తెలివిగలవాణ్ణి మరి! నడి నీళ్ళలో వదిలేసిన బుట్టలా ఆ ఒక్క దుబ్బూ నాలుగు వైపులకీ కనిపిస్తూ నిలబడింది. బ్లీచింగ్ ఘాటు ముక్కుపుటాలు అదరగొడుతుంటే, ఆహా, ఇప్పుడు కదా పనయింది అనిపించింది. సాయంత్రం నీటికోడి అవతలి గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తింది. దుబ్బు వైపు వచ్చింది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. చీకటి పడితే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

తెల్లారేసరికి చేమదుబ్బు మీద కాకులు. నేను అరుచుకుంటూ పరిగెత్తి వెళ్ళేసరికి గూట్లో మిగిలినవి రెండు పెంకు ముక్కలు. అవతలి ఒడ్డున ఆ పక్షి గొంతు చించుకుంటోంది. నేనక్కడ నిలబడి ఉండగానే మా ఆవిడ మొదటి బస్సుకి వచ్చేసింది. సంచీ కింద పెట్టకుండానే కుంట చూసింది, తెల్ల గీత చూసింది, గూడు చూసింది.

“ఏటి సేసినావు మావా?”

అది ఇంకేమీ అడగకుండా లోపలికి పోయింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

తొమ్మిదింటికి బాబులు దిగారు, అయిదుగురు. లెన్సు బాబు కుంట చూసి చేతులు చాచి, “వాహ్! కీ పరిష్కార్!” అన్నాడు, ఎంత శుభ్రం అని. గూడు ఖాళీ అయిందని చెప్పాను. “అయ్యో పాపం” అని, ఆ నాలుక చప్పరించడం అవకముందే ఫోను తీసి నీటికోడి కూత పెట్టాడు. ఆ వెర్రిది వచ్చింది! ఖాళీ ఒడ్డు మీద, తెల్ల గీత పక్కన, మెడ చాచుకుని అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. దాచడానికి ఆకు ముక్క లేదు. అయిదు కెమెరాలూ తనివితీరా నొక్కాయి. అడ్డేమీ లేకుండా ఇంత బాగా ఎప్పుడూ దొరకలేదని బాబులు మురిసిపోయారు. ఒళ్ళు మండిపోయింది నాకు. కానీ వాళ్ళని ఏ మొహం పెట్టుకుని తిట్టను? అడ్డం తీసింది నేనే.

టీ ఇచ్చాను. లెన్సు బాబు నా భుజం తట్టి, “నీ చేతిలో పనితనముంది సూపర్‌వైజర్. మా తోటలో కుంట కూడా అడవిలా అయింది. వచ్చే శనివారం వచ్చి ఇలాగే చేసి పెట్టాలి. బ్లీచింగ్ నేను తెప్పిస్తాను,” అన్నాడు.

కప్పు ఆయన మొహాన కొట్టి ఉండాల్సింది. “అచ్ఛా సార్” అన్నాను. అంతకన్నా వేరే మాట ఈ నోటికి అలవాటు లేదు. ఛీ, ఇదీ ఒక బతుకే!

కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ తడిగుడ్డతో గోడ మీద బొగ్గు గీతలు తుడుస్తోంది. పదహారు గీతలు ఉండాలి, అప్పటికి నాలుగు మిగిలాయి.

“అవెందుకే తుడిచేస్తున్నావు?” అన్నాను.

అది నా వైపు తిరగలేదు.

“బాబులొచ్చినారు కదా,” అంది. “సుబ్బరంగా ఉండొద్దా?”