చీలిక దారి దగ్గర గంటన్నర

మొన్న మా మేనల్లుడి సైకిళ్ల గుంపు నుంచి నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. వచ్చే ఆదివారం అడవి గుట్టల్లోకి సవారీ ఉందట. అరవై దాటిన పెద్దలు తొక్కనక్కరలేదట, వెనక టెంపోలో కుర్చీలు వేస్తారట, పైన టిఫిను వేళకు అందరినీ కలుసుకోవచ్చట. చివర చేతులు జోడించిన బొమ్మ ఒకటి. మర్యాదకేమీ లోటు లేదు గాని, అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. మన వయసు వాళ్లను కూర్చోబెట్టడానికి ఇంత మెత్తగా మాట్లాడటం జనానికి కరోనా కాలంలో అలవాటయింది. మీలో చాలామందిని ఆ రెండేళ్లలో ఎవరో ఒకరు భుజం పట్టి ఏదో ఒక కుర్చీలో కూర్చోబెట్టే ఉంటారు. నన్ను కూర్చోబెట్టబోయిన సంగతి ఒకటి చెబుతాను.

సూరత్‌లో ఉధనా పక్క గల్లీల్లో మా తెలంగాణ నేత కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. నేను పద్దెనిమిదో ఏట వచ్చి సాంచాల మీద నిలబడ్డాను. సాంచాలంటే మరమగ్గాలు, నిలబడ్డాను అన్న మాట ఊరికే వాడలేదు, పన్నెండు గంటలూ నిలబడి చేసే పనే అది. చదువు నాలుగో తరగతితో ఆగింది. కాని షిఫ్టు దిగి స్నానం చేసి లైబ్రరీకి పోవడం నాకు ఎవరూ నేర్పకుండానే అలవాటయింది. దుకాణాల బోర్డులు చూసి గుజరాతీ అక్షరాలు పట్టుకున్నాను, ఆ అక్షరాలతోనే యంత్రాల గురించీ, నక్షత్రాల గురించీ, మనిషి ఒంటి గురించీ అక్కడున్న పుస్తకాలు ఒక అల్మారా తరువాత ఒక అల్మారాగా చదువుకుంటూ పోయాను. నా జీవితంలో ఇష్టపడి కూర్చున్న కుర్చీ ఏదైనా ఉంటే అది లైబ్రరీదే.

సాంచాల షెడ్డులో మాట వినపడదు. అందుకని మేము పెదవులు చూసి మాట పట్టుకుంటాం, లేకపోతే చేతి సైగలతో పని నడుపుకుంటాం. పిడికిలి ఎత్తి గుండ్రంగా తిప్పితే సాంచ నడుస్తున్నది, ఇటు రావద్దు అని అర్థం. కరోనా వచ్చి అందరి నోళ్లకూ మాస్కులు కట్టినప్పుడు మా షెడ్డు ఒక్కసారిగా మూగబోయింది. అక్కడ సగం మాటలు పెదవుల మీదే ఉండేవని మాకు అప్పుడు గాని తెలియలేదు. ఇంకొక ఆచారం ఉంది. నడుస్తున్న సాంచాలను వదిలి పోకూడదు. అవతలి షిఫ్టు మనిషిని జోడీదారు అంటాం. అతను వచ్చి సాంచ మీద చెయ్యి పెట్టిన తరువాతే మనం చెయ్యి తియ్యాలి. అతను ఆలస్యమైతే గంట గాని, నాలుగు గంటలు గాని, నిలబడాల్సిందే. నలభై ఏళ్లలో నేను ఒక్కనాడూ జోడీదారు రాకముందు కదిలింది లేదు.

రెండో వేవులో నాకు జబ్బు పట్టుకుంది. మూడు వారాలు ఆక్సిజన్ మీద ఉన్నాను. ఇంటికి వచ్చాక మంచం నుంచి వాకిలి దాకా నడిస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. నా పన్నెండు సాంచాలను షెడ్డు యజమాని సేఠ్ వేరే మనిషికి అప్పగించాడు. అందులో తప్పేమీ లేదు, సాంచాలు ఖాళీగా ఉండవు కదా. చలికాలం వచ్చేసరికి నేను కాస్త తిరుగుతున్నాను. అప్పుడు సేఠ్ పిలిపించి, కాకా, ఇక దుమ్ములో ఎందుకు, గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను, వచ్చీపోయేవాళ్లను చూస్తూ ఉండు అన్నాడు. ఆలోచించుకుని హోలీ లోపల చెప్పమన్నాడు. ఇంటికి వచ్చి చెబితే అందరూ సంతోషించారు. నా భార్య అయితే దేవుడి పటానికి దండం కూడా పెట్టింది.

"గా కుర్చీల కూసుంటే నిన్నెవలన్న కొడ్తరా?" అంది నేను ముఖం చిట్లించేసరికి.

"కూసుంటే మళ్ల లేవను," అన్నాను.

"లేవకుంటె ఏంది? బతికి ఉంటవ్ గద!"

ఆసుపత్రి గేటు బయట రోజుల తరబడి నిలబడిన మనిషి ఆమె. అయినా నా పంతం నాది. మా అక్క కొడుకు హజీరాలో ఒక కంపెనీలో ఇంజనీరు; వాడితో కలిపి తెలుగువాళ్లూ ఇతరులూ పదముగ్గురు, ఆదివారాలు గేరు సైకిళ్ల మీద అడవి గుట్టల్లో తిరిగేవారు. ఇళ్లలో మూసుకుని ఉండి ఉండి మనుషులు గాలి కోసం మొహం వాచిపోయిన కాలం అది. ఆ గుంపులో ఒకరు ఊరు మారుతూ సైకిలు మా వాడి దగ్గర వదిలి వెళ్లారు. నేను దాన్ని అడిగి తీసుకుని రెండు నెలలు తాపీ నది ఒడ్డున పొద్దున్నే తొక్కాను. గేర్ల గుట్టు నాకు ఒక్క పూటలో బోధపడింది. సాంచకు ఒక పళ్లచక్రం ఉంటుంది. దాన్ని మార్చితే సాంచ వేగం అదే ఉన్నా గుడ్డ నెమ్మదిగా ముందుకు జరిగి చిక్కగా వస్తుంది. గుట్ట ఎక్కేటప్పుడు సైకిలూ అంతే, కాళ్ల వేగం అదే, దారి మాత్రం నెమ్మదిగా జరుగుతుంది. ఊపిరి సంగతి కూడా పుస్తకంలో చదివిందే: పీల్చడం మీద కాదు, వదలడం మీద దృష్టి పెట్టాలి, పెదవులు బిగించి నిదానంగా వదిలితే లోపల చోటు దానంతట అదే ఏర్పడుతుంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇది చెప్పబోతే మిగతా సగం నేనే చెప్పాను. ఆమె నవ్వింది.

నా భార్యకు ఒక్కదానికే నా షర్తు చెప్పాను. వాళ్లు వెళ్లే గుట్ట మీదికి ఒక ఘాట్ రోడ్డు ఉంది. నేల మీద కాలు మోపకుండా దాన్ని ఎక్కితే సోమవారం సాంచాల మీదికి పోతాను, కాలు మోపితే కుర్చీ. మోపినవా లేదా నాకు నిజం చెప్పాలె మరి అంది ఆమె.

హోలీకి ముందు ఆదివారం బయలుదేరాం. సైకిళ్లను కార్ల మీద కట్టుకుని కిమ్ అనే ఊరి దాకా పోయి, అక్కడి నుంచి తూర్పుకు తిరిగితే చెరకు తోటలు పలచబడి టేకు అడవి మొదలవుతుంది. ఆకు రాలిన టేకు చెట్ల మధ్య మోదుగలు నిప్పుల్లా పూసి ఉన్నాయి. ఒక పల్లె దగ్గర సైకిళ్లు దించి మట్టి బాటన పడ్డాం. గుంపులో వరాఛా నుంచి వచ్చిన వజ్రాల పనివాడు ఒకాయన ఉండేవాడు, నా కంటే పదేళ్లు చిన్న, నోరు ఊరుకోదు. "కాకా, మోటార్ గరమ్ హో గయా క్యా?" అని, ఇంజను వేడెక్కిందా అన్నట్టు, వెనక నుంచి ఒకటే పరాచికం. "మీ రాళ్లలా ఒకచోట కూర్చుని అరిగే సరుకు కాదు ఇది," అని నాకొచ్చిన గుజరాతీలో అంటే, సైకిలు మీద పడిపోయేంతగా నవ్వాడు. వెదురు పొదలు, ఎండిన వాగులు, ముందు మనిషి లేపిన ఎర్ర దుమ్ము. అయిదారు మైళ్లు నేను వాళ్లతో సమానంగానే పోయాను. ఆ సంతోషం ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఘాట్ మొదలయ్యే చోట దారి రెండుగా చీలుతుంది. మేనల్లుడు అక్కడ ఆగి నా పక్కకు వచ్చాడు.

"మామా, ఎన్క ఇద్దరు వస్తున్నరు. వాళ్లకు గీ తొవ్వ తెల్వది. నువ్వు జర గిక్కడ నిలబడి కుడి దిక్కు పంపియ్యి. మేం పైకి పోతం."

"వాళ్లు వచ్చినంక నేనొస్త," అన్నాను.

"ఆఁ, ఆరామ్‌సే రా," అని వాడు ముఖం తిప్పుకుని వెళ్లిపోయాడు.

నేను నిలబడ్డాను. సైకిలును చెట్టుకు ఆనించి, రెండు దారులూ కనపడేట్టు నడుమ నిలబడ్డాను. పావుగంట, అరగంట, గంట. ఫోనులో సిగ్నలు లేదు. ఎండ ఎక్కింది. పక్కనే కూర్చోవడానికి చదునైన రాయి ఉంది గాని, పని మీద ఉండగా కూర్చునే అలవాటు నాకు లేదు. ఎవరికైనా చెబితే నవ్వుతారు. మరొకరైతే పది నిమిషాలు చూసి తమ దారిన తాము పోయేవారు. నన్ను ఒకచోట పెట్టారు, ఇంకా మనుషులు రాలేదు, నేను కదలకూడదు. నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

గంటన్నరకు మేము వచ్చిన దారినే ఒక ఆదివాసీ ఆమె గంపతో వచ్చింది. ఎవరి కోసం ఎదురుచూస్తున్నావు కాకా అని గుజరాతీలో అడిగింది. వెనక ఇద్దరు సైకిళ్ల వాళ్లు వస్తున్నారు, చూశావా అన్నాను. పల్లె నుంచి నడిచి వస్తున్నాను, దారిలో పురుగు కూడా లేదు అంది. నా ముఖం చూసి ఏమనుకుందో, గంపలోని రేగుపండ్లు గుప్పెడు తీసి ఇచ్చి పోయింది.

అప్పుడు లెక్క పెట్టుకున్నాను. వాళ్లు పదముగ్గురు, నాతో పద్నాలుగు మంది. పల్లె దగ్గర దించిన సైకిళ్లు పద్నాలుగే. నన్ను దాటి పైకి పోయినవి పదమూడు. వెనక ఎవరూ లేరు. నన్ను ఘాట్ ఎక్కకుండా ఆపడానికి, నా మనసు నొచ్చకుండా, నాకొక పని కల్పించారు. తిట్టి ఆపినా ఇంత కోపం వచ్చేది కాదు. పని చెబితే నేను నిలబడతానని వాడికి తెలుసు; నా నలభై ఏళ్ల నిజాయితీకే తాడు కట్టి నన్ను చెట్టుకు కట్టేశాడు.

రేగుపండ్లు జేబులో వేసుకుని సైకిలు ఎక్కాను. చిన్న గేరు వేశాను. చిక్కటి గుడ్డ నేస్తున్నట్టు, అంగుళం తరువాత అంగుళం. మొదటి మలుపు, రెండో మలుపు. పెదవులు బిగించి ఊపిరి వదులుతున్నాను. మూడో మలుపులో పై నుంచి గుంపు దిగుతూ ఎదురైంది. మేనల్లుడు నన్ను చూసి బ్రేకు నొక్కి జారినంత పనిచేశాడు.

"మామా! ఏంది గిది? ఆగు, దిగు ముందు!"

ఆగితే కాలు మోపాలి. మాట్లాడటానికి ఊపిరి లేదు. ఒక చెయ్యి వదిలి పిడికిలి ఎత్తి గుండ్రంగా తిప్పాను. వాడు ఇంజనీరైనా సాంచాల మనిషి కొడుకు. చిన్నప్పుడు వాళ్ల నాన్నకు అన్నం డబ్బా తెచ్చి షెడ్డు వాకిట్లో ఆ సైగ చూసి ఆగిపోయినవాడే. సైకిలు తిప్పుకుని నా వెనక మళ్లీ గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. వజ్రాల పనివాడు కూడా తిరిగాడు. ఆయన పరాచికాలు ఆడలేదు.

పైన, ఘాట్ ముగిసే చోట, జెండా కట్టిన రాయి కనపడుతోంది. నా ఛాతీలో ఎవరో గుడ్డ పిండుతున్నట్టుంది. ఇంకా ఇరవై అడుగులు ఉందనగా ముందు చక్రం ఒక వేరు మీదికి ఎక్కి పక్కకు ఒరిగింది, నా ఎడమ కాలు నేల మీద పడింది. పూర్తిగా పడింది, మడమతో సహా. దాన్ని ఎన్ని రకాలుగా గుర్తుచేసుకున్నా వేరేలా జరగలేదు. రెండు ఊపిరులు నిలబడి, కాలు తీసి, మిగిలిన ఇరవై అడుగులూ తొక్కాను.

పైన మేనల్లుడు నా పక్కన కూలబడి, "తప్పయింది మామా, భయమయింది," అన్నాడు. కరోనాలో వాళ్ల నాన్నను పోగొట్టుకున్నవాడు. ఆ భయం నాకు తెలియనిది కాదు. రేగుపండ్లు తీసి వాడి చేతిలో పెట్టాను గాని, క్షమించానని మాత్రం అనలేదు.

సాయంత్రం ఇంట్లో నా భార్య అడిగింది, కాలు మోపినవా అని. మోపిన అన్నాను.

"మరి కుర్చీయేనా?"

"కాదు. రేపు డబ్బా కట్టు."

"నువ్వే పెట్టుకున్న షర్తు గద!"

"నేనే పెట్టిన, నేనే తీసేస్తున్న."

తిడుతుందనుకున్నాను. ఆమె లేచి పిండి కలపడానికి పోయింది.

సేఠ్ పన్నెండు సాంచాలు ఇవ్వలేదు, ఆరు ఇచ్చాడు. మాస్కు తియ్యనని మాటిచ్చి రెండేళ్లకు పైగా వాటిని నడిపాను. దగ్గిన రోజులున్నాయి, అబద్ధమెందుకు. ఇప్పుడు ఆ షెడ్డు లేదు. అటువంటివి గల్లీకొకటి పడిపోతున్నాయి. వాటి చోట నీళ్లతో, గాలితో నడిచే కొత్త యంత్రాలు వచ్చాయి; వాటి దగ్గర మా వయసు వాళ్ల ముఖం ఒక్కటీ కనపడదు. పొద్దున్నే ఆ వీధిలో నడిచేటప్పుడు నిశ్శబ్దం చెవులను పొడుస్తుంది. నలభై ఏళ్లు ఆ మోతను తిట్టుకున్నవాణ్ణి, ఇప్పుడు దాని కోసం నిలబడి వింటాను. అయినా ఒక్క సంగతి మాత్రం ఎవరూ మార్చలేరు. షెడ్డు అమ్ముడుపోయిన రోజు స్విచ్చు తీసింది సేఠ్. నా ఆరు సాంచాలూ ఆగిపోయేటప్పుడు నేను వాటి మధ్య నిలబడే ఉన్నాను.