పోయినవాడి పెళ్ళాం తిమరెతా

తిమరెతా మొగుడు దెక్సియాస్‌కు మా క్రోటన్ ఊరి బయట సమాధి ఉంది. ఆయన రోజూ పొద్దున్నే వల భుజాన వేసుకుని దాని పక్కనుంచే చేపలకు పోతాడు. మా ఊళ్లో ఇదేమీ వింత కాదు. పైథాగరస్ సంఘంలో చేరి మధ్యలో బయటికొచ్చినవాడు వాళ్ల దృష్టిలో చచ్చినట్టే. రాయి పాతి పేరు చెక్కిస్తారు. తర్వాత ఎదురుపడినా ఎవరూ లేనట్టే నడిచిపోతారు.

దెక్సియాస్ చేసిన నేరం నోరు తెరవడం. కొత్తగా చేరినవాళ్లు ఏళ్ల తరబడి తెరకు ఇవతల కూర్చుని మౌనంగా వినాలి. కేకలేసి చేపలమ్మే నోరు ఎన్నాళ్లని మూతపడి ఉంటుంది? ఒకనాడు తెర వెనక నుంచి పెద్దాయన త్రిభుజం గురించి చెబుతుంటే "అదెలా?" అని అరిచాడు. అంతే, పంపించేశారు. ఆయనతోపాటు చేరిన ప్రాణస్నేహితుడు తెలెసాస్ మాత్రం అక్కడే ఉండి, వాళ్లు కట్టే తెల్ల నారబట్టల్లో పెద్దమనిషయ్యాడు.

సమాధికి తేనె, నూనె పొయ్యమని సంఘం ఆడవాళ్లు చెబితే తిమరెతా ఏమందో తెలుసా? "ఆయన ఇంట్లో కూచుని శుభ్రంగా తింటుంటే, అంత దూరం మొయ్యడమెందుకమ్మా?" అని, మర్నాడు ఆ రాయి మీద తడి వలలు ఆరేసింది. నేను పక్కింటిదాన్ని, ఆవిడతో కలిసి ఉన్ని వడికేదాన్ని. ఎవరైనా చూస్తున్నారేమోనని నేనే చుట్టూ చూశాను.

ఇంతలో ఆవిడ కూతురు ఫిలిన్నా, తెలెసాస్ కొడుకు లామిస్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. తెలెసాస్‌కూ పిల్ల నచ్చింది. చిక్కల్లా ఒక్కటే. తండ్రి నలుగురిలో నిలబడి "నా కూతుర్ని ఇస్తున్నాను" అనాలి. చచ్చినవాడు ఎలా ఇస్తాడు? మేనమామ చేత ఇప్పించమని తెలెసాస్ కబురంపాడు. నాకు ఒళ్లు మండింది.

"పోనీలేవే, మీ తమ్ముడే ఇస్తాడు. నేను వెనకాల నిలబడతాలే," అన్నాడు దెక్సియాస్, తల వంచుకుని.

"నాన్న ఇవ్వకపోతే నాకీ పెళ్లే వద్దు," అంది ఫిలిన్నా.

"ఎవరూ ఏడవక్కర్లేదు. వాళ్లని రమ్మనండి, నేను మాట్లాడతా," అంది తిమరెతా.

తండ్రీకొడుకులొచ్చారు. తెలెసాస్ పెరట్లో కూర్చుని, ఎదురుగా ఉన్న దెక్సియాస్ తల మీదుగా గోడను చూస్తున్నాడు.

"అన్నయ్యగారూ, చచ్చినవాళ్ల ఆత్మ ఇంకో ఒంట్లోకి వస్తుందంటారు కదా?" అంది తిమరెతా.

"వస్తుందమ్మా. సందేహమేముంది?"

"మేకలోక్కూడా?"

"అందుకేగా మేం మాంసం ముట్టం."

"మరి మనిషిలోకి?"

"ఎందుకు రాదూ?"

"అయితే మా ఆయనా వచ్చేశాడు. మీరు సమాధి కట్టిన సాయంత్రమే ఇంటికొచ్చాడు. పాపం, వేరే ఒళ్లు దొరక్క పాతదాంట్లోనే దూరాడు. మేకలో ఎవరున్నారోనని కత్తి పక్కన పెడతారే, మనిషిలో ఎవరున్నారో చూడ్డానికేం?"

లామిస్ పక్కకు తిరిగి నవ్వాపుకున్నాడు. మేమెవరమూ ఆపుకోలేదు. తెలెసాస్ ఒక్కడే నవ్వలేదు. గోడమీంచి చూపు దించి, దెక్సియాస్ మొహంలోకి చూశాడు.

"నీ పేరేంటయ్యా?"

ఎప్పుడూ కేకలేసే ఆ నోరు మెల్లగా పలికింది. "దెక్సియాస్," అన్నాడు.

"నాకో స్నేహితుడుండేవాడు. అదే పేరు." అన్నాడు తెలెసాస్. "వాడు పోయిననాడు నన్ను ఏడవనివ్వలేదు. మాలో ఏడవకూడదు."

"ఇప్పుడేడువు. నేనున్నాగా," అన్నాడు దెక్సియాస్.

తెలెసాస్ పిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దెక్సియాస్ చేతిలో పెట్టి, "నీ కూతుర్ని నువ్వే ఇవ్వాలి," అన్నాడు.