జగ్గారావు గదకు నూనె

హెర్నియా ఆపరేషన్ అయ్యాక జగ్గారావు భయపడి తాలింఖానా మానేశాడని గోపాలపట్నంలో అనుకుంటున్నారు. అదేం కాదు. కసరత్తుకు రోజూ పొద్దున్నే వస్తాడు. గడప దాటగానే మట్టి తాకి కళ్ళకద్దుకుంటాడు. డాక్టరు నడవమన్నాడు, ఇప్పుడే బరువెత్తొద్దన్నాడు. అందుకని లోపలే చుట్లు తిరుగుతాడు. దగ్గొచ్చినా నవ్వొచ్చినా అరచెయ్యి పొత్తికడుపు మీదకు పోతుంది. ఆ తర్వాత ఇన్నాళ్ళూ తను తిప్పిన గదకు నూనె రాస్తూ కూర్చుంటాడు. మొన్న అక్కడే కసరత్తు చేసే దేవీప్రసాద్ ఎగదోశాడు: "ఏటి బావా, గదకి తలంటు పోత్తన్నావా? ఓపాలెత్తు!"

"నీ సరదాకి నాను కుట్లు సింపుకోవాలేటి బావా?" అని జగ్గారావు పొట్ట పట్టుకునే నవ్వాడు. దేవీప్రసాద్ అటు తిరగగానే మాత్రం గదను మెల్లగా ఓ పక్కకు వంచి, పొట్ట ఏమంటుందోనని ఆగాడు. అటువైపు వెళ్తే ఓసారి తొంగిచూడండి. ఒక చెయ్యి పొట్టమీదుంటే పర్వాలేదు. రెండు చేతులూ గదమీదుంటే మాత్రం వాళ్ళావిడ గౌరీశ్వరికి కబురు చెప్పండి.