చెన్నకేశవులు గోడ దాటించిన బంతి

ఆర్.కె. పురంలో మా ఆఫీసులో చెన్నకేశవులు తాత్కాలిక గుమాస్తా. ఉద్యోగం కోసం ఉత్తరాదికి వచ్చిన ఒంగోలు మనిషి. ఆరేళ్ళుగా ఆరేసి నెలల పొడిగింపుల మీదే బతుకు వెళ్ళదీస్తున్నాడు. కోపం రాదు, సంతోషం వచ్చినా పైకి తెలియదు. పక్క కుర్చీలో కూర్చునే నాకే అతని భార్య పేరు భానుమతి అని తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

ఎనభై అయిదులో ఒక సర్క్యులర్ వచ్చింది. ఆఫీసుల మధ్య బేస్‌బాల్ పోటీలట. అదేమిటో మాలో ఒక్కడికీ తెలియదు. గెలిస్తే మాత్రం, జట్టులో ఉన్న తాత్కాలిక ఉద్యోగిని క్రీడాకారుల కోటాలో పర్మనెంటు చేయిస్తానని సెక్షన్ ఆఫీసరు మాట ఇచ్చాడు. జట్టులో అలాంటివాడు చెన్నకేశవులు ఒక్కడే. మార్చితో అతని గడువు అయిపోతుంది. ఇక పొడిగించేది లేదని అప్పటికే చెప్పేశారు.

ఆదివారాలు క్రికెట్ ఆడతానని నన్ను కెప్టెన్ని చేశారు. సైక్లోస్టైల్ చేసిన నిబంధనల పుస్తకం చేతికిచ్చి, అందరికీ చదివి చెప్పమన్నారు. నాలుగు పేజీలు చదివాను. మిగతాదంతా బ్యాటూ బంతే కదా అనుకున్నాను. బుద్ధి లేకపోవడమంటే అదే.

ఆ పోటీలు చూసి తీరాల్సిందే. పరుగెత్తేటప్పుడు తొక్కాల్సిన బేస్‌లు దొరక్క నాలుగు మూలలా ఇసుక బస్తాలు వేశారు. బంతి పట్టేవాడి ముఖానికి స్కూటర్ హెల్మెట్ తొడిగితే, అతనికి బంతి తప్ప అన్నీ కనిపించేవి. పక్క ఆఫీసు పాపయ్య బ్యాటుతోనే పరుగెత్తి, క్రికెట్‌లో లాగే దాన్ని బస్తాకి ఆనించి నిలబడ్డాడు. వదిలేసి పరుగెత్తాలని అంపైరు మొత్తుకున్నా, ఆఫీసు సామాను, పోతే ఎవరు జవాబు చెప్పాలంటూ వదల్లేదు. అందరం పడీ పడీ నవ్వాం. చెన్నకేశవులు నవ్వలేదు. వెళ్ళి బస్తాల మధ్య దూరం అడుగులతో కొలుచుకున్నాడు.

ఎలాగో ఫైనల్ దాకా వచ్చాం. చివరి విడత. స్కోర్లు సమానం. మావాళ్ళు ఇద్దరు అవుట్, మూడోవాడు అవుటైతే విడత అయిపోయినట్టే. ఒక్క పరుగు వస్తే గెలుపు మాది, ఉద్యోగం అతనిది. చెన్నకేశవులు కొట్టిన బంతి మైదానం గోడ దాటి అవతల పడింది.

అతను బ్యాటు పారేసి మొదటి బస్తా వైపు పరుగు తీశాడు. నేనే ఎదురెళ్ళి వాటేసుకున్నాను.

"ఎక్కడికయ్యా కేశవులూ? సిక్సర్ అది. పరుగెత్తక్కర్లేదు."

ఆగిపోయాడు. భుజాల మీద ఎత్తుకుని తెచ్చి షామియానాలో కూర్చోబెట్టాం. అంపైరు చాలాసేపు ఎదురుచూశాడు. తర్వాత పుస్తకం తెరిచి, బంతి గోడ దాటినా నాలుగు బస్తాలూ తొక్కి రావాల్సిందేనని, మధ్యలో వదిలేసి వెళ్ళాడు కాబట్టి అవుటని చెప్పాడు. అది పదకొండో పేజీలో ఉంది. అదనపు విడతలో అవతలివాళ్ళు ఒక పరుగు చేశారు. మేం చెయ్యలేకపోయాం.

మార్చి ముప్పై ఒకటిన అతను సొరుగు ఖాళీ చేసి, తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు రాలేదు. అసలేమీ రాలేదు. మధ్యాహ్నం మామూలుగానే భోంచేశాను.

రెండేళ్ళ తర్వాత పనిమీద ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీకి వెళితే, గేటు దగ్గర కూలీల హాజరు రాసుకుంటూ కనిపించాడు. జుట్టు సగం నెరిసింది. టీ తెప్పించాడు. నన్ను వాచ్‌మన్‌కి చూపించి, మా కెప్టెన్ సాబ్ అని చెప్పి, ఆనాటి ఆట కథంతా హిందీలో వినిపించాడు. చాలామందికి చెప్పిన కథలా ఉంది, ఎక్కడా తడుముకోలేదు. అతని కథలో నేను వాటేసుకుని ఆపడమనేదే లేదు. వాచ్‌మన్ కడుపుబ్బ నవ్వి లోపలికి వెళ్ళాడు.

అప్పుడు నావైపు తిరిగాడు.

"బాగానే పరిగెత్తా ఉన్నా కదా, మజ్జలో ఎందుకు ఆగిపోయానో ఇప్పటికీ అర్థం కావట్లేదు మూర్తిగారూ."

నిజంగానే గుర్తులేదో, గుర్తుండే అడుగుతున్నాడో ఆ ముఖం చూస్తే తెలియలేదు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. సిగ్గు కూడా వేసింది.

"అవునయ్యా, ఆగిపోయావు" అన్నాను.