ఓడిన జట్టుకు దండం

పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో పనిచేసి వెళ్లిన ఆ జపాను ఇంజనీరును తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్ల చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టు ఏళ్ల తరబడి ప్రాంతీయ లీగు దాటలేదు. గెలిస్తే పై లీగుకు పోయే ఆట రోజు, టీ అంగడిలో ఆయన ఫోను చుట్టూ వెయ్యిమందిమి మూగాం.

ఆఖర్లో వాళ్ల గోల్‌కీపరు చేతికొచ్చిన బంతిని జారవిడిచాడు. ఓడిన జట్టు వరుసగా నిలబడి అభిమానులకు వంగింది. ఈయనా లేచి, ఎప్పటిలాగే ఫోనుకు నడుం వంచాడు.

"ఏమప్పా, ఓడినోళ్లకు దండమా? రోసం లేదా నీకు?" అని గద్దించాను.

"ఓడితే ఇంగా కిందికి వంగల్ల, తాతా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ, మన దగ్గర నేర్చిన తెలుగులో.

జనమంతా వంగారు, నేను తప్ప.

సరే, అబద్ధమెందుకు? అక్కడున్నది మేమిద్దరమే. నేనూ వంగాను. పదిమందికే వంగాను, ఆ గోల్‌కీపరుకు మాత్రం కాదు.