ఒక్కసారి కొడితే ఆగాలి

ఆస్పత్రి వెనక గదిలో నడుమెత్తున రెండు ఇనుప కడ్డీలు పక్కపక్కనే సాగుతాయి. పదహారేళ్ళుగా ఆమె ఉద్యోగం వాటి మధ్యే. పక్షవాతం వచ్చినవాళ్ళకు మళ్ళీ నడక నేర్పుతుంది. తను మాత్రం వెనక్కి నడుస్తుంది, ఎదుటివాళ్ళ పాదాలను చూస్తూ. "నీకు వీపున కూడా కళ్ళున్నాయే" అంటారు నర్సులు.

కండక్టరు బాబాయ్ వచ్చిన వారమే ఆమె పొరబడింది. ఆయనకు కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాటల్లో మిగిలింది ఒక్కటే. దాహమేసినా "రైట్", కోపమొచ్చినా "రైట్".

"ఇంకో నాలుగడుగులు వేద్దామా, బాబాయ్?"

"రైట్... రైట్!"

సరేనన్నాడనుకుంది. మూడో అడుగుకే మోకాలు మడతపడింది. నడుముకు కట్టిన బెల్టు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ ముఖం మీది చెమట చూశాక తెలిసింది, ఆయన ఆపమనే అన్నాడని.

"ఆగమని చెప్పలేని మనిషిని ఇంటికెలా పంపను, పిన్నీ?" అంది ఆయన భార్యతో.

"ఆయనకి ఆపడం ఎప్పుడొచ్చిందమ్మా! పెళ్ళైన కొత్తలో నేను క్యారేజీ పట్టుకుని బస్సు వెనక పరిగెత్తుతుంటే, చూసి కూడా రైట్ చెప్పేశాడు. దుమ్ము తిన్నాను."

"రైట్!" అన్నాడాయన. నవ్వు ఒకవైపే పూసింది.

మర్నాడు ఆమె ఎక్కిన బస్సులో కండక్టరు ఆపడానికి హోల్డాన్ అనీ, కదలడానికి రైట్ అనీ నోరు విప్పలేదు. రేకు మీద అరచేత్తో ఒక్కసారి చరిస్తే బస్సు ఆగింది. రెండుసార్లు చరిస్తే కదిలింది. ఆ చప్పుడు ఆమె లోపల ఎక్కడో దిగి, ఆస్పత్రి దాకా ప్రయాణం చేసింది.

"బండి మీది, బాబాయ్. నేను రివర్సులో నడిపే డ్రైవర్ని" అంటూ ఆయన ఎడమ చెయ్యి కడ్డీ మీద పెట్టింది. "ఒక్కసారి కొడితే ఆగుతా. రెండు కొడితే పోతా."

ఆయన వెంటనే రెండు కొట్టాడు. ఆమె కదిలింది. ఆ తర్వాత మూడు వారాలూ రెండేసి దెబ్బలే. కాలు వణికినా ఒక్కటి కొట్టడు. ఆమే చూసి ఆపాలి. ఇంటికి పంపే కాగితం సొరుగులోనే ఉంది.

ఆ ఉదయం కడ్డీల మధ్యలో ఇనుము ఒక్కసారి మోగింది.

"నొప్పా, బాబాయ్?"

కాదన్నట్టు తల ఊపాడు.

"అలసటా?"

కాదు. గడ్డంతో గుమ్మం వైపు చూపించాడు. సంచీతో, ఆయాసపడుతూ పిన్ని వస్తోంది.

"హో... హోల్డాన్" అన్నాడాయన.

ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇప్పుడా ఆపడం!" అంటూ కళ్ళు తుడుచుకుని, గబగబా వచ్చి ఆయన వెనక నిలుచుంది.

కడ్డీ రెండుసార్లు మోగింది. ఆమె వెనక్కి అడుగేసింది.